ఆఫ్‌రోడ్ బండి లాగట్లేదా? తక్కువ ఖర్చులో పవర్ పెంచుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులు, పికప్‌లు, ఏటీవీలు (నాలుగు లావు చక్రాల బైకులు), డర్ట్ బైకులు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. రేసింగ్ బండ్లకు, డబ్బుకు వెనకాడనివాళ్లకు ఇందులో పెద్దగా పనికొచ్చేది ఉండదు.

బండికి దమ్ము లేదనిపిస్తోంది. ముందుగా ఏ పార్టు కొనాలి?

ఏదీ కొనకండి. దుమ్ములో, బురదలో ఏళ్ల తరబడి తిరిగిన బండి, కంపెనీ కాగితం మీద రాసిన హార్స్‌పవర్‌ని ఇప్పటికీ ఇవ్వడం అరుదు. కొంత ఫిల్టర్ దగ్గర, కొంత ఇంధనం దగ్గర, కొంత పట్టేసిన బ్రేకు దగ్గర పోతుంది. అదీ నెమ్మదిగా పోతుంది కాబట్టి రోజూ నడిపేవాళ్లకు తెలియదు, అదే మోడల్ బండి ఇంకొకరిది నడిపినప్పుడు గానీ తేడా బయటపడదు. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవకైన పవర్. దాని తర్వాత గేరింగ్ (ఇంజన్ తిరుగుడుకూ చక్రం తిరుగుడుకూ మధ్య నిష్పత్తి) చూడండి, తర్వాత బరువు, ఇంజన్‌కి కొత్తగా ఏదైనా తగిలించడం ఆఖరున. అరిగిపోయిన ఇంజన్‌కి నేరుగా రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయిస్తే మిగిలిన ఆయుష్షు కూడా తొందరగా కరిగిపోతుంది.

లోపం ఇంజన్‌లోనే ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

ముందు ఇంజన్‌ని పక్కన పెట్టి చక్రాల నుంచి మొదలుపెట్టండి. బ్రేకు పెద్దగా వాడకుండా కాసేపు నడిపి, ఆపి, నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (తగలనివ్వకండి, వేడి అలాగే తెలుస్తుంది). ఒకటి మాత్రమే బాగా వేడిగా ఉంటే అక్కడ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్‌లను నొక్కే భాగం) పిన్నులు బురద పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా బేరింగ్ పోతూ ఉండొచ్చు. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత క్లచ్. పై గేరులో తక్కువ స్పీడులో ఉండగా ఎత్తు మీద యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోందని అర్థం, ఇంజన్ పాపం ఏమీ లేదు.

ఇవి రెండూ బాగుంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించండి. పెట్రోల్ ఇంజన్‌కి వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ కట్ చేసి, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) పూర్తిగా తెరిచి చూడాలి. ఒక సిలిండర్‌కీ ఇంకోదానికీ తేడా 10-15 శాతం దాటితే పవర్ పెంచే మాట తర్వాత, ముందు ఇంజన్ సంగతి చూసుకోవాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్ అని అనుమానించాలి. ఈ టెస్ట్‌కి అయ్యే ఖర్చు, ఏ యాక్సెసరీతో పోల్చినా, లెక్కలోకి రాదు.

పోయిన పవర్ సాధారణంగా ఎక్కడెక్కడ దాక్కుంటుంది?

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, ఎక్కువమంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

కేబుల్‌తో పనిచేసే థ్రాటిల్ అయితే ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, బానెట్ తెరిచి థ్రాటిల్ ప్లేటు నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. సాగిపోయిన కేబుల్, పెడల్ కింద మందంగా వేసిన రబ్బరు మ్యాటు, ఈ రెండూ కలిస్తే ఆఖరి పావు వంతు థ్రాటిల్ ఎప్పటికీ దొరకదు. సరిచేయడానికి ఒక స్పానర్ చాలు.

ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోతుంటే ఐడిల్‌లో బాగానే ఉంటుంది, మామూలు రోడ్డు మీదా బాగానే ఉంటుంది, లోడ్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరాడనట్టు అయిపోతుంది. డీజిల్ బండికి ఫిల్టర్ అడుగున చేరే నీళ్లు కూడా తీసేస్తూ ఉండాలి.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే లోపలికి వెళ్తున్న గాలి ఎంతో ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) తప్పుగా తెలుస్తుంది. దానికోసమే అమ్మే స్ప్రేతో కడగాలి, బ్రేక్ క్లీనర్ కొడితే సెన్సర్ పోతుంది. సన్నటి తీగని వేలితో, గుడ్డతో ముట్టుకోకండి.

థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఈసీయూ చల్లటి ఇంజన్ అనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకుండా కిందే ఉంటే సంతోషించకండి.

ట్యాపెట్లు (వాల్వులను నెట్టి తెరిచేవి) బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. ట్యాపెట్ సెట్టింగ్ పాత ఇంజన్లకు చాలా తక్కువ ఖర్చు పని, కానీ శబ్దం వచ్చేదాకా ఎవరూ చేయించరు. బిగుసుకున్న ట్యాపెట్ శబ్దం చేయదు, అదే గొడవ.

టర్బో డీజిల్ అయితే ఇంటర్‌కూలర్‌కి (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచేదానికి) వెళ్లే రబ్బరు గొట్టాల్లో సన్నటి చీలిక వస్తే ఒత్తిడి అక్కడే కారిపోతుంది. వేగం పెంచినప్పుడు ఈల లాంటి చప్పుడు, నల్లటి పొగ, క్లిప్పు దగ్గర తాజాగా కారిన ఆయిల్, ఇవి కనిపిస్తే గొట్టాలు విప్పి మడతపెట్టి చూడండి. టర్బోని ఆడించే చిన్న వాక్యూమ్ పైపు పగిలినా అదే కథ, పైపేమో చాలా చవక, కొందరు మాత్రం కొత్త టర్బో వేయించుకుని వస్తారు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి ఇన్‌టేక్ మానిఫోల్డ్ గోడలకు మందంగా పేరుకుని దారి సన్నబడటం కూడా డీజిల్‌లో మామూలే.

రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య ఎండిన బురద ఇంకో దొంగ. లోపలికి వెళ్లే గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే ఈసీయూ టైమింగ్ (ఇంధనం అంటించే సమయం) వెనక్కి లాగేస్తుంది, మధ్యాహ్నం ట్రయిల్‌లో (రోడ్డు లేని దారిలో) బండి నీరసపడుతుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఓబీడీ రీడర్ (ఈసీయూ నుంచి లోపాల కోడ్‌లు, సెన్సర్ల అంకెలు చదివే పరికరం) కొనడం దండగేమో?

దండగ కాదు. ఈ జాబితాలో ముందుగా కొనదగ్గది అదొక్కటే. కోడ్‌లు చదవడం ఒకటే కాదు, నడుస్తుండగా అంకెలు చూడండి. లాంగ్‌టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను ఇంధనం ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం) ప్లస్ 10 శాతం దాటి ఉంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇంధనం చాలట్లేదు. మైనస్ 10 దాటితే ఇంధనం ఎక్కువ పోతోంది. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ శాతం, కూలెంట్ వేడి, ఈ మూడూ చూస్తే పైన చెప్పినవాటిలో సగం బానెట్ ఎత్తకుండానే తెలిసిపోతాయి.

పెద్ద టైర్లు వేయించాక బండి మొద్దుబారింది. ఇంజన్ పోయిందా?

ఇంజన్‌కి ఏమీ కాలేదు, గేరింగ్ పోయింది. 29 అంగుళాల టైర్లు తీసి 33 వేశారనుకోండి. చక్రం చుట్టుకొలత దాదాపు 14 శాతం పెరిగింది. మీ యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) 4.10 అయితే, ఇప్పుడు బండికి అది 3.60 ఉన్నట్టే లెక్క. కంపెనీ ఎంతో ఆలోచించి పెట్టిన గేరింగ్‌ని మీరు టైర్ల దుకాణంలో మార్చేశారన్నమాట. పైగా పెద్ద టైరు బరువెక్కువ, ఆ బరువు చక్రం అంచున ఉంటుంది కాబట్టి తిప్పడానికీ, ఆపడానికీ కూడా ఎక్కువ శ్రమ.

పాత ఊపు తిరిగి రావాలంటే 4.67 దగ్గర రేషియో కావాలి. మార్కెట్లో తరచుగా దొరికేవి 4.56, 4.88. రోడ్డు మీద ఎక్కువ తిరిగితే మొదటిది, కొండలు, లోడు, నెమ్మది డ్రైవింగ్ అయితే రెండోది తీసుకోండి. ముందు, వెనక రెండు డిఫరెన్షియల్‌లకూ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టెలకు) ఒకే రేషియో వేయాలి. ఒకదానికే వేసి ఫోర్‌వీల్ పెడితే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం అడుగుతాయి, గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది.

ఇంకో సంగతి, స్పీడోమీటర్ ఇప్పుడు అబద్ధం చెబుతుంది. సరిచేయించకపోతే ముల్లు 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 114 దగ్గర ఉంటారు.

క్రౌన్ పినియన్ మార్పించడం చవక పనేనా?

యాక్సిల్ రేషియో మారేది డిఫరెన్షియల్‌లోని ఈ రెండు గేర్లు మారిస్తేనే. పార్టులు, మజూరీ కలిపితే చిన్న ఖర్చేమీ కాదు. ఎందుకంటే క్రౌన్, పినియన్ మధ్య గ్యాపు సరిగ్గా పెట్టడం అనుభవం ఉన్న చేతుల పని, తప్పితే కొద్ది రోజుల్లోనే ఏడుపు లాంటి శబ్దం మొదలవుతుంది. కానీ పెద్ద టైర్ల బండికి, పెట్టిన ప్రతి రూపాయికీ దీని అంత తేడా చూపించే పని ఇంకోటి లేదు. ఇంజన్ మీద ఒత్తిడి తగ్గుతుంది, క్లచ్ ఎక్కువ కాలం వస్తుంది, ఆటోమేటిక్ అయితే గేర్లు మాటిమాటికీ వెతుక్కోవడం మానేస్తుంది. అదే మోడల్ బండికి కంపెనీయే వేరే ఇంజన్‌తో వేరే రేషియో ఇచ్చి ఉంటే, స్క్రాప్ నుంచి ముందూ వెనకా పూర్తి యాక్సిల్‌లు దొరుకుతాయేమో చూడండి, ఒక్కోసారి అదే చవకగా పడుతుంది.

అసలు చవకైన దారి మాత్రం ఒకటుంది. చిన్న టైర్లకు తిరిగి వెళ్లడం. ఈ సలహా ఎవరికీ నచ్చదు.

రాళ్ల మీద ఎక్కడానికి హార్స్‌పవర్ ఎంత ఉండాలి?

మీరు అనుకున్నంత అక్కర్లేదు. కిలోవాట్లలో పవర్ అంటే న్యూటన్ మీటర్లలో టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చించి 9549తో భాగించడమే. ఒక ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర 150 న్యూటన్ మీటర్లు ఇస్తే అది 94 కిలోవాట్లు, అంటే సుమారు 126 హెచ్‌పీ. బ్రోచర్ మీద బాగుంటుంది. కానీ రాళ్ల మీద మీరు 6000లో ఉండరు. 2000 దగ్గర 200 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంకో ఇంజన్ అక్కడ ఇచ్చేది 42 కిలోవాట్లే, అయినా ట్రయిల్‌లో నడపడానికి అదే హాయి.

దీనికి చవక పరిష్కారం ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిల్‌లకు పవర్ పంచే గేర్ల పెట్టెలో) ఉంది. ఫస్ట్ గేరు, లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు), యాక్సిల్ మూడు రేషియోలనీ హెచ్చిస్తే వచ్చేది క్రాల్ రేషియో. 4.0, 2.5, 4.1 అయితే 41. లో రేంజ్ ఒక్కటి 4.0 చేస్తే 65 దాటుతుంది, అంటే ఇంజన్‌ని ముట్టుకోకుండానే చక్రం దగ్గర టార్క్ 60 శాతం పెరిగింది. జీప్ రాంగ్లర్ మామూలు రకాల్లో 2.72గా ఉన్న లో రేంజ్‌ని రూబికాన్‌లో 4.0 చేసింది ఇందుకే. 1.3 లీటర్ల బుల్లి ఇంజన్ ఉన్న సుజుకీ సమురాయ్ జీపు కొండరాళ్ల మీద అంత పేరు తెచ్చుకోవడంలో ఇంజన్ గొప్పేమీ లేదు, తక్కువ బరువు, దానితో పాటు లో రేంజ్‌ని 2.27 నుంచి 4.16కు మార్చే గేర్ సెట్లు దొరకడం.

లో రేంజ్ ఒక్కటే మారితే రోడ్డు మీద స్పీడుకు దీనితో ఏ లాభమూ లేదు, నష్టమూ లేదు.

కోన్ ఎయిర్ ఫిల్టర్ వేస్తే ఎంత పెరుగుతుంది?

శబ్దం బాగా పెరుగుతుంది. పవర్, కొత్త పేపర్ ఫిల్టర్‌తో పోలిస్తే, చాలా బండ్లలో కొలవడానికి కూడా చిక్కనంత. కంపెనీ ఎయిర్‌బాక్స్ బయటి నుంచి చల్లటి గాలి పీలుస్తుంది, బానెట్ కింద తెరిచి పెట్టిన కోన్ మాత్రం ఇంజన్ వేడి గాలిని పీలుస్తుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, పవర్ కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. ఎండలో, నెమ్మదిగా పోయే ట్రయిల్‌లో ఈ తేడా 10 డిగ్రీలతో ఆగదు.

దీనికన్నా ముఖ్యమైంది దుమ్ము. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్లు గాలిని ధారాళంగా వదులుతాయి, సన్నటి దుమ్మును కూడా సాధారణంగా పేపర్‌కన్నా ఎక్కువ వదులుతాయి. ఇసుక దుమ్ము రింగుల మధ్యకు చేరితే సానపట్టినట్టు బోరు అరిగిపోతుంది. ఆయిల్ ఎక్కువ పూస్తే అది ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పడి ఇంకో తలనొప్పి. ఆఫ్‌రోడ్‌కి నా ఓటు మంచి పేపర్ ఫిల్టర్‌కే. దుమ్ము బాగా ఉన్న రోజు ఒక కొత్తది స్పేర్ పెట్టుకోండి, ఫిల్టర్ తీసినప్పుడు దాని వెనక వైపు పైపు లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు దుమ్ము అంటితే ఎక్కడో సీల్ కూర్చోలేదు.

స్నార్కెల్‌తో (గాలిని బండి పైకప్పు ఎత్తు నుంచి పీల్చే పైపుతో) పవర్ వస్తుందా?

రాదు. ముందు బండి లేపే దుమ్ముకు కొంచెం పైన, కొంచెం చల్లటి గాలి దొరుకుతుంది, ఫిల్టర్ ఎక్కువ రోజులు వస్తుంది, అది మంచిదే. నీళ్లలో దిగాలంటే మాత్రం పైపు ఒక్కటే చాలదు, ఎయిర్‌బాక్స్ దాకా ప్రతి జాయింటూ నీళ్లు చొరకుండా సీల్ చేయాలి, కంపెనీ బాక్స్ అడుగున ఉండే నీళ్లు కారే రంధ్రంతో సహా. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

సైలెన్సర్ మారిస్తే?

కొంచెం, అదీ పై ఆర్‌పీఎంలో. ఇంజన్‌కి బ్యాక్‌ప్రెషర్ (బయటికి వెళ్లే పొగకు ఎదురొత్తిడి) కావాలన్న మాట చాలామంది అంటారు, అది అపోహ. ఇంజన్‌కి అడ్డంకి ఎప్పుడూ మేలు చేయదు. అయితే పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి, సిలిండర్ సరిగ్గా ఖాళీ అవ్వక, కింది ఆర్‌పీఎంలో టార్క్ పోతుంది, ఆ అపోహ పుట్టింది బహుశా ఇక్కడే. ఆఫ్‌రోడ్‌కి కావాల్సింది కింది టార్క్ కాబట్టి, కంపెనీ సైజుకు కాస్త మాత్రమే పెద్దదైన పైపు, నొక్కుకుపోని వంపులు ఉంటే చాలు.

రాయి తగిలి నొక్కుకుపోయిన పైపుంటే మాత్రం ఇవాళే మార్చండి. బండి కింద పడుకుని చూస్తే కనపడుతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్, డీపీఎఫ్ తీసేయమంటున్నారు. తీసేయనా?

వద్దు. మొదటిది పొగలోని విషవాయువులను తగ్గిస్తుంది, రెండోది డీజిల్ మసిని పట్టేస్తుంది. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండికి వాటిని తీసేయడం నేరం, కాలుష్య పరీక్షలో బండి ఫెయిలవుతుంది, వాసన మీరే భరించాలి. బాగున్న క్యాట్ తినేసే పవర్ తక్కువ. మూసుకుపోయిన క్యాట్ సంగతి వేరు, అది బండిని పూర్తిగా చంపేస్తుంది. ముందు ఆక్సిజన్ సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర చూడండి, 3 పీఎస్‌ఐ దాటితే అడ్డుపడిందనే అర్థం. అప్పుడు కొత్తది వేయండి. వేసేముందు అది ఎందుకు మూసుకుపోయిందో కూడా చూడాలి, మిస్‌ఫైర్ గానీ ఆయిల్ తాగడం గానీ ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

రీమ్యాప్ చేయిస్తే నిజంగా తేడా ఉంటుందా?

బండిని బట్టి. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ అయితే 5 శాతం వస్తే గొప్ప. ఎందుకంటే గాలి అంతే వస్తోంది, సాఫ్ట్‌వేర్ గాలిని పుట్టించలేదు. పెద్ద టైర్లకు తగ్గట్టు గేరు మార్పులు, స్పీడోమీటర్ సరిచేయడం కూడా కలిపి చేస్తే అప్పుడు కాస్త అర్థముంది.

టర్బో డీజిల్ అయితే ఇదే అసలు పవర్. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఇంధనం రెండూ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటాయి కాబట్టి 15 నుంచి 25 శాతం దాకా రావడం మామూలే, అదీ కింది ఆర్‌పీఎంలో టార్క్ రూపంలో. కంపెనీలు ఆ ఖాళీని ఊరికే వదిలిపెట్టవు, నాసిరకం ఇంధనం, విపరీతమైన ఎండ, సర్వీసు ఎగ్గొట్టే ఓనర్లు, వీళ్లందరి కోసం వదిలిపెడతాయి. మీరు ఆ ఖాళీని వాడేసుకుంటున్నారు కాబట్టి సర్వీసు ఎగ్గొట్టే ఓనర్‌గా ఉండే హక్కు పోతుంది.

ట్యూనర్ దగ్గరికి వెళ్లినప్పుడు నాలుగు విషయాలు అడగండి. పాత ఫైల్ దాచి ఇస్తారా, మీ బండి మీదే లాగ్ (నడుస్తుండగా అంకెల రికార్డు) తీసి చేస్తారా లేక ఎక్కడిదో తెచ్చి ఎక్కిస్తారా, గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకుంటుందో తెలుసా, ఎగ్జాస్ట్ వేడి చూస్తారా. డీజిల్‌లో టర్బోకు ముందు కొలిచిన వేడి 700 డిగ్రీలు దాటి చాలాసేపు ఉండకూడదని అనుభవమున్నవాళ్లు పాటించే లెక్క. నల్లపొగ కక్కడాన్ని పవర్ అనుకునే ట్యూనర్ అయితే లేచి వచ్చేయండి, ఆ పొగంతా కాలకుండా పోయిన డీజిలే. వారంటీ, ఇన్సూరెన్స్ షరతులు కూడా ముందే చదువుకోండి.

వైరుకి మధ్యలో తగిలించే చిప్ బాక్సులు? పెడల్ బాక్సులు?

కామన్‌రైల్ డీజిల్‌కి (ఎక్కువ ఒత్తిడితో ఇంధనం నిలవుంచే ఒకే పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ అందే రకం) తగిలించే చాలా బాక్సులు ఆ పైపులో ఒత్తిడి కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్ అంకెను మార్చి ఈసీయూకి తప్పుగా చెప్పి ఎక్కువ ఇంధనం పోయిస్తాయి. పవర్ వస్తుంది, కానీ ఈసీయూకి నిజమైన ఒత్తిడి ఎంతో తెలియకుండా వస్తుంది. సరైన రీమ్యాప్‌కి డబ్బు చాలకపోతే ఆగండి, దీనితో సర్దుకోకండి.

పెడల్ బాక్స్ పవర్ పెంచదు. సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఇంజన్‌కి చెబుతుంది. పూర్తిగా తొక్కితే ముందు ఎంతో ఇప్పుడూ అంతే. పైగా రాళ్ల మీద పెడల్ ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే?

ఆక్టేన్ అంటే నాకింగ్‌ని (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడాన్ని) తట్టుకునే గుణం, అందులో అదనపు శక్తి ఏమీ దాగి లేదు. మీ ఇంజన్ మామూలు పెట్రోల్‌కే తయారైతే డబ్బు వృథా. నాకింగ్ వల్ల టైమింగ్ వెనక్కి తీసుకునే టర్బో పెట్రోల్ ఇంజన్‌కి, ఎండలో లోడ్‌తో వెళ్లేటప్పుడు, కొంచెం తేడా కనిపించవచ్చు.

ఇరీడియం ప్లగ్గులు?

ఎక్కువ రోజులు వస్తాయి. అంతకుమించి ఆశించకండి.

ఎలక్ట్రిక్ టర్బో ఫ్యాన్, ఇంధన పైపు మీద అయస్కాంతం?

అయస్కాంతం గురించి మాట్లాడటం కూడా దండగ. ఫ్యాన్ లెక్క చూద్దాం. 2 లీటర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. దాన్ని ఒత్తిడితో తోయాలంటే కిలోవాట్లు కావాలి, 12 వోల్టులు 10 ఆంపియర్లు తీసుకునే ఫ్యాన్ ఇచ్చేది 120 వాట్లు. తోయడం మాట అటుంచి, అదే దారికి అడ్డం. నిజమైన ఎలక్ట్రిక్ కంప్రెసర్లు ఉన్నాయి, 2016లో వచ్చిన ఆడి ఎస్‌క్యూ7 డీజిల్‌లో ఒకటి పెట్టారు, దానికోసం 48 వోల్టుల వ్యవస్థ వేరేగా అమర్చాల్సి వచ్చింది, అది 7 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది.

నాది పాత కార్బరేటర్ బండి. నాకేమైనా మిగిలిందా?

అదృష్టవంతులు, మీకు చవక పనులు ఎక్కువ. డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచేదానిలో) టైమింగ్‌ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రం చిరిగిందేమో పైపు నోటితో పీల్చి చూడండి, పీల్చినప్పుడు లోపలి ప్లేటు కదలాలి, నాలుక అడ్డం పెడితే అక్కడే ఆగాలి. లోపలి బరువులు, స్ప్రింగులు తుప్పు పట్టి బిగుసుకుంటే ఆర్‌పీఎం పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు, బండి పైకి లాగదు. పాయింట్లు (ప్లగ్గు కరెంటును కలిపి తెంచే పాతకాలం స్విచ్చు) తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడం చిన్న ఖర్చుతో అయ్యే మంచి పని, పవర్ కన్నా ఎక్కువగా నిలకడ కోసం. టైమింగ్ లైట్‌తో కంపెనీ చెప్పిన మార్కుకు పెట్టి, అక్కడి నుంచి రెండు డిగ్రీలు ముందుకు జరిపి నడిపి చూడండి. లోడ్ మీద టకటకమని నాకింగ్ వినిపిస్తే వెనక్కి తెచ్చేయండి.

నిటారు ఎత్తుల్లో, వాలులో బండి చచ్చిపోతుంటే అది పవర్ సమస్య కాదు, ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఒక వైపుకు ఒరగడం. ఫ్లోట్ లెవెల్ సరిచేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోవాలంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాల్సిందే.

కొండల మీద ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరసపడుతోంది. ఏం చేయాలి?

ప్రతి 300 మీటర్లకు టర్బో లేని ఇంజన్ దాదాపు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది, 3000 మీటర్ల దగ్గర పావు వంతుకు పైనే. ఇది గాలి పలచబడటం, రిపేరుకు లొంగదు. టర్బో ఇంజన్లు చాలావరకు సర్దుకుంటాయి. మిగిలినవాళ్లు ఒక గేరు తక్కువలో, ఆర్‌పీఎం పైన పెట్టి నడపాలి, లో రేంజ్ పెట్టడానికి మొహమాటపడకూడదు. కార్బరేటర్ అయితే మిశ్రమంలో పెట్రోల్ పాలు ఎక్కువైపోతుంది, చాలా రోజులు అక్కడే ఉండేవాళ్లు చిన్న మెయిన్ జెట్ (పెట్రోల్ ఎంత వెళ్లాలో కొలిచే రంధ్రం) వేసుకుంటే తేలికపడుతుంది. కిందికి దిగాక పాతది తిరిగి వేయడం మరిచిపోతే పిస్టన్ కాలే ప్రమాదముంది.

బరువు తగ్గిస్తే అంత తేడా ఉంటుందా?

1800 కిలోల బండి, 100 హెచ్‌పీ అనుకుందాం. 150 కిలోలు తీసేస్తే, తొక్కినప్పుడు బండి స్పందించే తీరు 109 హెచ్‌పీ ఉన్న పాత బండిలా ఉంటుంది. ఆ 9 హెచ్‌పీ ఇంజన్‌లోంచి తేవాలంటే ఎంత కష్టమో పైన చూశారు. స్టీల్ బంపర్లు ముందూ వెనకా, పైన ర్యాక్, దాని మీద గుడారం, రెండో స్పేర్ టైరు, ఎన్నడూ విప్పని టూల్ బాక్స్, అన్నీ ఒకసారి దించి చూడండి. ఫోటోల కోసం పెట్టినవి ఏవో మీకే తెలుసు. పై ర్యాక్ గాలికి అడ్డం కూడా, హైవే మీద 80 దాటాక అది తినే పవర్ బాగా తెలుస్తుంది.

ఇసుకలో ఇంజన్ ఏడుస్తోంది, బండి కదలట్లేదు. పవర్ చాలదా?

టైర్లలో గాలి ఎంతుంది? ఇసుకలో 15-18 పీఎస్‌ఐకి దించితే టైరు పొడవుగా పరుచుకుని పైపైన తేలుతుంది, అదే ఇంజన్ హాయిగా లాగుతుంది. ఖర్చు లేదు. మళ్లీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి, తారురోడ్డు ఎక్కేముందు నింపాలి. అంత తక్కువ గాలితో గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది.

ఏటీవీ, డర్ట్ బైక్ వాళ్లకు?

బైక్ అయితే స్ప్రాకెట్. ముందు 13 పళ్లు, వెనక 50 ఉంటే రేషియో 3.85. ముందుది 12 చేస్తే 4.17, అంటే 8 శాతం ఎక్కువ లాగుడు, చాలా చిన్న పార్టుతో. టాప్ స్పీడ్ ఆ మేరకు తగ్గుతుంది. మరీ చిన్న స్ప్రాకెట్ అయితే చైన్ తొందరగా అరుగుతుంది, అప్పుడు వెనకదాన్ని పెంచడం మేలు. టూస్ట్రోక్ అయితే పవర్‌వాల్వుకు పట్టిన మసి గీకి, రీడ్ వాల్వు రేకుల అంచులు చిట్లాయేమో చూడండి.

సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉన్న ఏటీవీకి పెద్ద టైర్లు వేస్తే క్లచ్‌లోని బరువులు, స్ప్రింగులు వాటికి తగ్గట్టు మార్చాలి. దానికన్నా ముందు బెల్ట్ వెడల్పు కొలవండి, అరిగిన బెల్ట్ కిందికి జారి కూర్చుంటుంది, ఏ కిట్టూ దాన్ని కాపాడలేదు.

టర్బో కిట్ లేదా పెద్ద ఇంజన్ మార్పిడి?

చవక అన్న మాట ఇక్కడ ఆగిపోతుంది. కిట్ ధరే ఖర్చంతా అనుకుంటారు, ఆ తర్వాత ఇంజెక్టర్లు, క్లచ్, రేడియేటర్, ట్యూనింగ్, వైరింగ్ ఒక్కొక్కటే క్యూ కడతాయి. వేరే ఇంజన్ వేస్తే రిజిస్ట్రేషన్ కాగితాల పని కూడా ఉంటుంది. పెద్ద ఇంజన్‌తో వచ్చిన అదే మోడల్‌కి బండిని మార్చుకోవడం చాలాసార్లు తక్కువలో తేలిపోతుంది.

పవర్ పెరిగిందో లేదో ఎలా తేలుస్తాను?

పార్టు పెట్టిన రోజు అందరికీ పెరిగినట్టే అనిపిస్తుంది, శబ్దం పెరిగితే మరీను. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) అందుబాటులో ఉంటే ముందూ తర్వాతా ఒకే డైనో మీద, అవే టైర్లు, అదే గాలి ఒత్తిడితో తీయించండి. లేకపోతే ఖాళీగా ఉన్న సమతల రోడ్డు మీద, మూడో గేరులో, 40 నుంచి 80 దాకా పెడల్ పూర్తిగా తొక్కి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్ జీపీఎస్‌తో చూడండి. రెండు దిశల్లోనూ తీసి సగటు వేయాలి, గాలి, వాలు అప్పుడే లెక్కలోంచి పోతాయి. ట్యాంకులో ఇంధనం, లోపల మనుషులు, ఎండ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకేసారి ఒకే మార్పు చేయండి, మూడు కలిపి చేస్తే దేనివల్ల పెరిగిందో, దేనివల్ల తగ్గిందో తేలదు.

పెంచుకున్నాక ఇంకేం చూసుకోవాలి?

బ్రేకులు ముందు, ముఖ్యంగా పెద్ద టైర్లు ఉంటే. తర్వాత కూలెంట్ వేడి మీద ఒక కన్ను, కంపెనీ ముల్లును నమ్మకుండా ఓబీడీ అంకెనే చూడండి, చాలా బండ్లలో ఆ ముల్లు వేడి కొంత పెరిగినా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. టర్బో బండికి ఆయిల్ మార్చే గడువు తగ్గించండి. లోడుతో ఎత్తు ఎక్కి వచ్చాక ఇంజన్ వెంటనే ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. బురదలో, నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ డిఫరెన్షియల్ ఆయిల్ మూత తీసి చూడండి, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, ఆ ఆయిల్‌తో ఇంకో ట్రయిల్‌కి వెళ్లొద్దు.